బీఏ చరిత్ర తర్వాత కళాచరిత్ర, క్యూరేషన్‌లో పీజీ: మన సీమ నుంచి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా?

మగ్గంగుంట (ధర్మవరం), ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. అనంతపురంలో బీఏ చరిత్ర పూర్తిచేసి ఏడాదిన్నర అయింది. ప్రస్తుతం ఒక చీరల దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. మా నాన్నది మగ్గం పని. కళాచరిత్రలో, వీలైతే క్యూరేషన్‌లో ఎంఏ చేయాలని ఉంది. ఈ మాట ఇంట్లో చెబితే అమ్మ, "బొమ్మలు చూడటానికి కూడా పరీక్ష రాయాలా?" అంది. నవ్వొచ్చింది గాని జవాబు రాలేదు.

నాకు బొమ్మలు గీయడం రాదు. సీటు ఇస్తారా? క్యూరేటర్ అంటే మ్యూజియంలో ఉద్యోగి అనుకునేదాన్ని. ఈమధ్య పెళ్లి భోజనాల పట్టికను కూడా క్యూరేట్ చేశామంటున్నారు. అసలు ఆ చదువులో ఏం నేర్పుతారు? నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయాలంటే చెయ్యి ఆగిపోతుంది. ఇది పెద్ద అడ్డమా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), ఆదివారం రాత్రి 10:15

అమ్మా, ముప్పై రెండేళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ని. నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు. ముందు బీఈడీ చెయ్యి, డీఎస్సీ రాయి. జీతం చేతికొచ్చాక వేసవి సెలవుల్లో ఎన్ని గుళ్లయినా చూడవచ్చు. నేను అలాగే శ్రీశైలం ప్రాకారం మీది శిల్పాలు చుట్టూ తిరిగి మూడుసార్లు చూశాను. అడవి జంతువులు, వేటగాళ్లు, మునులు... ఒక్కో రాయి ముందు అరగంట. దానికి ఎవరూ నాకు పట్టా ఇవ్వలేదు, నేను అడగనూ లేదు.

పెన్నేటి_గట్టు (తాడిపత్రి, ప్రస్తుతం బెంగళూరు), సోమవారం ఉదయం 7:05

మాస్టారి మాట తీసిపారేయను. నేను బయలుదేరినప్పుడు మా మామయ్యా ఇదే అన్నారు. బరోడాలో కళాచరిత్ర పీజీ చేశాను. తొమ్మిదేళ్లుగా ఒక మ్యూజియంలో పనిచేస్తున్నాను.

చెల్లీ, గీత రాకపోవడం అడ్డం కాదు. మా తరగతిలో చరిత్ర వాళ్లు, సాహిత్యం వాళ్లు, ఒక బీకాం అబ్బాయి కూడా ఉండేవారు. కొన్నిచోట్ల మాత్రం బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) అడుగుతారు. ఆ ఏడాది ప్రవేశ ప్రకటన చదవకుండా ఎవరి మాటా నమ్మవద్దు, నాది కూడా.

ఇందులో నాలుగు చదువులు కలగాపులగం అవుతుంటాయి. ఈ బొమ్మ ఎవరు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో, ఎందుకు చేశారని అడిగేది కళాచరిత్ర. వస్తువులను నమోదు చేయడం, భద్రపరచడం, జనానికి చూపించడం, అంటే మ్యూజియాన్ని నడిపే విద్య, మ్యూజియాలజీ. పగిలినదాన్ని, పెచ్చు లేచినదాన్ని నిలబెట్టేది సంరక్షణ. దానికి రసాయనశాస్త్రం కావాలి. ఏ వస్తువు పక్కన ఏది పెడితే ఏ మాట పుడుతుందో చూసేది క్యూరేషన్. ఆ మాట లాటిన్‌లో "సంరక్షించు" అనే ధాతువు నుంచి వచ్చిందట. పెళ్లి భోజనాల వాళ్లకు అది ఎవరూ చెప్పినట్టు లేదు.

చోట్ల సంగతి. బరోడా లలితకళల ఫ్యాకల్టీ 1950లో మొదలైంది, అదే విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ 1952 నుంచి ఉంది. శాంతినికేతన్ కళాభవన్ 1919 నాటిది, అక్కడా కళాచరిత్ర ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్ ఉంది. అక్కడ సినిమా, నాటకం, దృశ్యకళ ఒకే కప్పు కింద చదువుతారు. 1989లో మొదలైన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ అయింది. కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియాలజీ మూడింటికీ విడివిడి ఎంఏలు అక్కడ. దగ్గరలో కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూలు, బెంగళూరులో చిత్రకళా పరిషత్. ధర్మవరంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి దిగుతావు.

ఇక రోజూ ఏం చేస్తామంటే, నిన్నటి నా రోజు చెబుతాను. వేరే ఊరి నుంచి ప్రదర్శనకు అరువుగా వచ్చిన పెట్టె తెరిచాం. లోపలి చిత్రం స్థితి నివేదిక రాశాను: కింది ఎడమ మూలలో మూడు మిల్లీమీటర్ల చెక్కు, చట్రం మీద పాత చీడ రంధ్రాలు రెండు. అది రాయకపోతే తిప్పి పంపేటప్పుడు ఆ చెక్కు మా మీదికి వస్తుంది. తర్వాత నూట ఇరవై మాటల లేబుల్‌ను డెబ్బైకి కోశాను. సాయంత్రం దీపాల గురించి ఎలక్ట్రీషియన్‌తో గొడవ. సౌందర్యం అనే మాట రోజంతా ఒక్కరూ అనలేదు.

దేవుని_కడప (కడప), సోమవారం ఉదయం 11:30

రాష్ట్రం దాటలేనివాళ్ల కోసం ఒక మాట. కడపలోనే 2020లో లలితకళలకూ వాస్తుశిల్పానికీ వేరుగా విశ్వవిద్యాలయం పెట్టారు. యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు శాఖ ఉంది, నేను అక్కడి విద్యార్థిని. సరిగ్గా క్యూరేషన్ అనే పట్టా కాకపోయినా, చుట్టుపక్కల సరుకు చూడండి: పుష్పగిరి, గండికోట, ఒంటిమిట్ట, చింతకుంట రాతిగుహల బొమ్మలు. ఊళ్లో భగవాన్ మహావీర్ మ్యూజియం ఉంది, సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉంది. మ్యూజియంలో ఒక మధ్యాహ్నమంతా కూర్చుంటే నాతోపాటు ఉన్నది ఒక కాపలాదారు, ఒక పిల్లి.

తుంగభద్ర_చలి (కర్నూలు, ప్రస్తుతం లండన్), సోమవారం రాత్రి 11:50

బయటి దేశం సంగతి నేను చెబుతాను. ఇక్కడ ఎంఏ ఒక్క ఏడాదే, కాని ఆ ఏడాదికి అయ్యే ఖర్చుతో మా కర్నూలులో ఇల్లు లేపవచ్చు. కోర్టాల్డ్ ఇన్‌స్టిట్యూట్ 1932 నుంచి కళాచరిత్రకే ఉన్న సంస్థ, మ్యూజియం క్యూరేటింగ్‌కు విడి కోర్సు ఉంది. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో సమకాలీన కళ క్యూరేటింగ్ 1992లో మొదలైంది. మన దేశపు శిల్పం, చిత్రం మీదే చదవాలంటే లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి, గంటల్లో 2,800. నీ చీరల దుకాణం లెక్కలు కూడా పనే, ఉద్యోగ పత్రాలు జాగ్రత్త చేసుకో. కేంద్రప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీ విద్యార్థులకు, సంచార జాతులకు, భూమిలేని కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు ఇస్తారు. అయితే 2022 మార్గదర్శకాల్లో ఒక ముల్లు పెట్టారు: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీద చదువుకు ఈ డబ్బు ఇవ్వరు. అంటే నేతగాడి కూతురు ఇంకేదైనా చదవడానికి లండన్ రావచ్చు గాని తన నేత చదవడానికి కాదు! నువ్వు దరఖాస్తు చేసే ఏడాది నియమాలు తప్పక చూసుకో.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. మొదటి నెలలోనే మమ్మల్ని బ్రిటిష్ మ్యూజియంకు తీసుకెళ్లారు. అమరావతి స్తూపం రాళ్లు అద్దాల గదిలో ఉన్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు, 1859లో ఓడెక్కి వచ్చాయి. తరగతిలో అందరూ బుద్ధుడి పాదాల గురించి మాట్లాడుతుంటే నేను పల్నాటి సున్నపురాయి రంగు చూస్తూ నిలబడ్డాను. మా ఇంటి అరుగు బండల రంగు కూడా దాదాపు అదే.

కొండారెడ్డి_బురుజు, మంగళవారం ఉదయం 6:20

అన్నీ బాగున్నాయి. చదివాక ఉద్యోగం?

పెన్నేటి_గట్టు, మంగళవారం ఉదయం 8:10

మాస్టారూ, తక్కువే. అబద్ధం చెప్పను. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల్లో ఖాళీలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. యూజీసీ నెట్ పరీక్షలో విజువల్ ఆర్ట్స్, మ్యూజియాలజీ రెండూ ఉన్నాయి, గట్టెక్కితే బోధన. బెంగళూరులో 2023లో తెరిచిన ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ మ్యూజియం లాంటి ప్రైవేటువి ఉన్నాయి. వేలం సంస్థలు, కంపెనీల సేకరణలు, 2012 నుంచి జరుగుతున్న కొచ్చి బినాలే లాంటి ప్రదర్శనలు ఉన్నాయి. మొదటి రెండేళ్లు జీతం కంటే గది అద్దె ఎక్కువ. నాకు నాలుగో ఏడు దాకా ఇంటి నుంచి బియ్యం వచ్చాయి.

మగ్గంగుంట, మంగళవారం రాత్రి 10:05

అక్కా, అన్నా, మాస్టారూ, అందరికీ ధన్యవాదాలు. అమ్మకు అన్నీ చదివి వినిపించాను, బియ్యం మాట దగ్గర ఆవిడ తలూపింది. దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం పంపమంటున్నారు. "విజయనగర కళావైభవం" అని మొదలుపెట్టాను. ఇప్పటికి పద్నాలుగు పేజీలు.

పెన్నేటి_గట్టు, మంగళవారం రాత్రి 10:30

ఆ పద్నాలుగు పేజీలూ పెట్టెలో పెట్టు. "వైభవం" అనే మాట కనబడగానే చదివేవాడు టీకి లేస్తాడు. ఒక్క గుడి కూడా వద్దు. ఒక్క గుడిలో ఒక్క మూల తీసుకో. ఏ పుస్తకమూ చూడకుండా దాని ముందు రెండు గంటలు కూర్చుని, కనబడింది మాత్రం రాయి. "అద్భుతం", "సజీవం" నిషేధం. ముందు తెలుగులోనే రాయి. నీకు చెయ్యి ఆగేది ఇంగ్లీషు దగ్గర కాదు, ఏం చెప్పాలో తెలియనిచోట. చూసినది చేతిలో ఉంటే ఇంగ్లీషు వెనకాలే వస్తుంది.

నిమ్మసోడా (గుత్తి), మంగళవారం రాత్రి 10:42

లేపాక్షి వెళ్తే వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఫొటో దిగకుండా వచ్చిన మొదటి మనిషిగా నీ పేరు శాసనంలో చెక్కిస్తాం.

మగ్గంగుంట, ఆదివారం రాత్రి 9:15

వెళ్లొచ్చాను. నిమ్మసోడా గారూ, శాసనం సిద్ధం చేయించండి.

హిందూపురంలో బస్సు మారి అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు. వీరభద్రస్వామి గుడి, పదహారో శతాబ్దం, అచ్యుతదేవరాయల కాలం, కట్టించింది విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. ఇంతవరకు పుస్తకంలోది. ఇక కళ్లతో చూసింది.

కప్పు మీది బొమ్మలు కాబట్టి పావుగంటకే మెడ పట్టేసింది. చేతి అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని అందులో చూశాను. కుడిఎడమలు తారుమారయ్యాయని గంట తర్వాత తట్టింది, రాసుకున్నదంతా మళ్లీ తిరగరాశాను. ఒక వరుసలో నిలబడ్డ ఆడవాళ్లను మాత్రమే తీసుకున్నాను. ముఖాలన్నీ పక్కకే, కొప్పులు మెడ వెనక ఒక వైపుకు ఒరిగి ఉన్నాయి. కావి ఎరుపు, పసుపు, నలుపు, సున్నపు తెలుపు, కొంచెం ఆకుపచ్చ. నీలం నాకు కనబడలేదు. నల్లగీత రంగు వేశాక గీసినట్టుంది, ఎందుకంటే రెండుచోట్ల గీత ఒకదారిన పోతే రంగు ఇంకోదారిన పోయింది.

చీరలు దేనికది వేరు: గళ్లు, చారలు, పూలు. మా ఇంట్లో నేను పుట్టింది మగ్గం పక్కన కాబట్టి ఒకటి పట్టేశాను. గుడ్డ మడత పడితే దాని మీది పువ్వు కూడా మడతలో విరగాలి. ఇక్కడ విరగలేదు. కుచ్చిళ్ల మీదుగా గళ్లు తిన్నగా పోయాయి, గుడ్డను నేల మీద పరిచి చూసినట్టు. చిత్రకారుడికి మనిషి ఎలా నిలబడిందన్నదాని కంటే నేత పూర్తిగా కనబడటమే ముఖ్యమేమో! ఒకామె భుజం దగ్గర అరచేయంత పెచ్చు ఊడిపోయింది. అక్కడ రంగు కింద ఏముందో చూద్దామని ఫోను లైటు వేయబోతే కాపలాదారు వద్దన్నారు, ఆయన అన్నది న్యాయమే. మగవాళ్లలో కొందరి నెత్తిన పొడుగాటి టోపీలు ఉన్నాయి, అవేమిటో తెలియలేదు.

దేవుని_కడప, ఆదివారం రాత్రి 9:50

కుళ్లాయి! శ్రీనాథుడు కన్నడరాజ్యలక్ష్మి దగ్గర గోడు వెళ్లబోసుకున్న చాటువు గుర్తుందా? కుళ్లాయి పెట్టాను, కోక చుట్టాను అంటూ వాపోతాడు. ఆయన విజయనగర కొలువుకు వెళ్లింది లేపాక్షి బొమ్మలకు దాదాపు నూరేళ్ల ముందు. పద్యంలో విసుక్కున్న టోపీని నువ్వు కప్పు మీద చూసి వచ్చావు. వ్యాసం ఇక్కడే ఉంది.

కొండారెడ్డి_బురుజు, ఆదివారం రాత్రి 10:10

బాగా చూశావమ్మా. కాని ఒక్క ప్రశ్న. "నేత" అని ఎలా తేల్చావు? ఆ గళ్లూ పూలూ అద్దకం కావచ్చు, కలంతో వేసిన గుడ్డ కావచ్చు. గోడ మీద రెండూ ఒకేలా ఉంటాయి కదా.

మగ్గంగుంట, ఆదివారం రాత్రి 10:25

మాస్టారూ, పట్టేశారు. మగ్గం ఇంటి కళ్లతో చూశాను, మగ్గమే కనబడింది. "నేత" కొట్టేసి "గుడ్డ మీది నమూనా" అని దిద్దుకుంటున్నాను.

పెన్నేటి_గట్టు, ఆదివారం రాత్రి 11:00

ఆ దిద్దుబాటును వ్యాసంలోంచి తీసేయకు. ఏమనుకున్నావో, ఎవరు అడిగితే ఎందుకు మార్చుకున్నావో, అంతా ఉంచు. నీలం లేదనడం కూడా ఉంచు, లేనిదాన్ని గమనించడం నేర్పితే వచ్చేది కాదు. ఇంకొకటి, "ఫ్రెస్కో" అనే మాట వాడనందుకు సంతోషం. తడి సున్నం మీద రంగు వేసి, రెండూ కలిసి ఆరితే అది ఫ్రెస్కో. ఆరిన పూత మీద జిగురు కలిపిన రంగు వేస్తే వేరు. మన దగ్గర గోడ మీద బొమ్మ కనబడితే చాలు, అందరూ ఫ్రెస్కో అనేస్తారు.

(మాస్టారూ, డీఎస్సీ మాట ఈసారి ఎత్తలేదేమిటి?)

తోలునీడ (నిమ్మలకుంట), సోమవారం మధ్యాహ్నం 2:20

ధర్మవరం పక్కనే మా ఊరు. తోలుబొమ్మల ఇంటివాణ్ని, ఐటీఐ చదివి మోటారు పని చేస్తున్నాను. మా ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, అప్పటి నుంచి కార్లు ఎక్కువయ్యాయి. క్యూరేటర్ల గురించి ఇంత గౌరవంగా మాట్లాడుతున్నారు కాబట్టి నాదీ ఒక ఫిర్యాదు వినండి.

కొన్నేళ్ల కిందట ఒక పెద్ద ఊరి మ్యూజియంలో మా ఇంటి బొమ్మ చూశాను. మా తాత చేసిన జుట్టుపోలిగాడు, ఆటలో నవ్వించేవాడు. ప్లైవుడ్ చెక్కకు మేకులు కొట్టి, ఎదుట నుంచి తెల్లటి దీపం వేశారు. తోలుబొమ్మ వెనక దీపం ఉంటేనే బొమ్మ. ఉలితో పొడిచిన రంధ్రాల్లోంచి వెలుగు రావాలి, నగలు మెరవాలి, మేకతోలు ఎర్రగా తేనెలాగా వెలగాలి. ముందు నుంచి దీపం వేస్తే ఎండిన తోలు ముక్క. కింద చీటీ మీద "కళాకారుడు తెలియదు" అని రాశారు. తెలియకపోవడమేమిటి? అమ్మింది ఆయనే. రసీదు మీద వేలిముద్ర ఎక్కడో పడి ఉండాలి. ఆయన ఇప్పటికీ అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూనే ఉన్నారు.

పెన్నేటి_గట్టు, సోమవారం సాయంత్రం 6:40

అన్నా, సిగ్గుగా ఉంది. మేకులకు సాకు లేదు, "తెలియదు" అన్నదానికి అసలే లేదు. అమ్మినవారి పేరు కొన్న పుస్తకంలో ఉంటుంది, ఒక మధ్యాహ్నం వెతికితే దొరుకుతుంది. సాధారణంగా ఆ మధ్యాహ్నం ఎవరూ వెచ్చించరు.

దీపం సంగతి మాత్రం నిజంగా చిక్కు. రంగు వేసిన తోలు, గుడ్డ లాంటివాటి మీద 50 లక్స్ (వెలుగు కొలత) దాటి వెలుగు పడనివ్వం. వెలిసిన రంగు తిరిగి రాదు, ఈరోజు కొంచెం, రేపు కొంచెం పోగవుతూనే ఉంటుంది. మీ బొమ్మకు వెనక నుంచి దీపం వేసి ఏడాదంతా వేలాడదీస్తే పదేళ్లలో తేనెరంగు మాయం. వేయకపోతే మీరన్నట్టు తోలు ముక్క.

తోలునీడ, సోమవారం రాత్రి 8:05

మా ఇంట్లో చెయ్యి తెగితే కొత్త తోలు అతికి కుడతాం, రంగు వెలిస్తే మళ్లీ వేస్తాం. మీ లెక్కలో అది వస్తువును పాడుచేయడమా?

తుంగభద్ర_చలి, సోమవారం రాత్రి 11:30

మా తరగతిలో ఒక రోజంతా ఇదే వాదన నడిచింది, ఆఫ్రికా ముఖతొడుగుల మీద. తేలలేదు. నాకు తోచింది ఇది: పాత బొమ్మను చీకట్లో పడుకోబెట్టి, ఆ ఇంటివారి చేతే ఇంకోటి చేయించి, డబ్బిచ్చి, దాన్ని దీపం ముందు ఆడించాలి. పాతదాన్ని ఏడాదికి నాలుగు రోజులు మాత్రం చూపాలి. పెన్నేటి గట్టు గారి మ్యూజియం ఒప్పుకుంటుందో లేదో మరి.

పెన్నేటి_గట్టు, మంగళవారం ఉదయం 7:15

అడుగుతాను. ఎలక్ట్రీషియన్ ముందు ఒప్పుకోవాలి.

మగ్గంగుంట, శనివారం రాత్రి 9:00

తోలునీడ అన్న పిలిస్తే ఈరోజు నిమ్మలకుంట వెళ్లాను. వాళ్లింట్లో ఇంకో జుట్టుపోలిగాడు ఉన్నాడు. డెబ్బై మాటల లోపు లేబుల్ రాయాలని కూర్చున్నాను, ఎనిమిదో ప్రయత్నం ఇది. చేసినవారి పేరు అసలు చీటీలో ఉంది. ఇక్కడ పెట్టవద్దన్నారు, ఖాళీ వదిలాను.

"జుట్టుపోలిగాడు. తోలుబొమ్మ. మేకతోలు, రంగులు, వెదురు బద్ద, దారం. చేసినవారు: ........, నిమ్మలకుంట. రామాయణం ఆటలో కథ మధ్య వచ్చి నవ్వించే పాత్ర. కుడి మోచేయి కింద తోలు రంగు వేరు. ఒక రాత్రి బంగారక్కతో కొట్లాటలో చెయ్యి తెగితే తెల్లవారేలోపు కొత్తది కుట్టానని చేసినవారు చెప్పారు. వీపు వైపు మసి ఆముదం దీపాలది. తుడవలేదు."

కొండారెడ్డి_బురుజు, శనివారం రాత్రి 9:20

బాగుంది తల్లీ. కొలత ఏదీ?

మగ్గంగుంట, శనివారం రాత్రి 9:24

అయ్యో! టేపు సంచిలోనే ఉండిపోయింది. రేపు మళ్లీ వెళ్తాను.

తోలునీడ, శనివారం రాత్రి 9:41

తాత పక్కనే ఉన్నారు, చదివి వినిపించాను. ఎత్తు జుట్టుతో కలిపి రాయాలా, జుట్టు వదిలేసి రాయాలా అని అడుగుతున్నారు.